మబ్బుల్లోంచి తండ్రిని దించడం

నేను నేర్చుకున్న మొదటి యానిమేషన్‌లో కదిలింది నా తలకాయే. వికారాబాద్‌లో నేను పనిచేసే ఫోటో స్టూడియో యజమాని దాన్ని నా పాస్‌పోర్టు ఫోటోలోంచి కత్తిరించి, తెర మీద ఎడమ మూలన పెట్టి, "కాకా, గిప్పుడు నిన్ను నువ్వే కుడి మూలకు తోలుకపో" అన్నాడు.

యజమానికి ముప్పై ఏళ్లుంటాయి. నాకు యాభై దగ్గరపడ్డాయి. అంతకుముందు నేను తాండూరులో నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో రాళ్లు కొలిచి చదరపు అడుగులు కట్టేవాణ్ణి. ఫ్యాక్టరీ మూతపడ్డాక రోజూ రైల్లో వికారాబాద్ వచ్చి ఈ స్టూడియోలో బుకింగులు, లెక్కలు చూసేవాణ్ణి. పెళ్లిళ్ల కాలం మొదలయ్యే ముందు ఎడిటింగ్ చేసేవాళ్లు ఇద్దరూ హైదరాబాద్ వెళ్లిపోయారు. వేరే మనిషి దొరకక నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు.

"లెక్కలోనివి గద, గిది గూడ లెక్కనే" అన్నాడు యజమాని. "గా డైమండ్ గుర్తు నొక్కు. డైమండ్, డైమండ్! జన్మల చూడకపోతివి, గిప్పుడన్న చూడు."

ఆ డైమండ్ గుర్తే కీ ఫ్రేమ్. వీడియోలో ఒకచోట అది పెట్టి, వస్తువు ఇక్కడ ఉంది అని చెబుతాం. కొంచెం ముందుకు జరిగి మరొకటి పెట్టి, ఇప్పుడు అక్కడ ఉండాలి అని చెబుతాం. మధ్యలో ఎక్కడెక్కడ ఉండాలో సాఫ్ట్‌వేర్ తనే లెక్కగట్టుకుంటుంది. యజమాని చెప్పడం పూర్తికాకముందే నాకు అర్థమైంది. వంకర రాయి వస్తే మేమూ అంతే చేసేవాళ్లం. ఒక కొస వెడల్పు, రెండో కొస వెడల్పు కొలిచి మధ్యది లెక్క మీద రాసుకునేవాళ్లం. మధ్యలో రాయి విరిగి ఉందా, సొట్ట పోయిందా అన్నది ఆ లెక్కకు తెలియదు.

నా తలకాయ ఎడమ నుంచి కుడికి వెళ్లింది. యజమాని మౌస్ లాక్కుని, దాన్ని గిరగిరా తిప్పి, నేలకు కొట్టి, బంతిలా ఎగరేసి, ఆ ముక్కను బయట కౌంటర్ మీది టీవీలో మళ్లీ మళ్లీ తిరిగేలా పెట్టాడు. ఫోటోలు దిగడానికి వచ్చినవాళ్లు టీవీ చూసి, తర్వాత నన్ను చూసి నవ్వేవాళ్లు. మోమిన్‌పేట నుంచి వచ్చిన ఒకామె, "అయ్యో, గాయనను గట్ల కొడుతున్నరేంది" అంటూనే తన పిల్లను ఎత్తుకుని మరీ చూపించింది. పండక్కి కొత్త ప్రకటన వచ్చేదాకా నేను ఆ టీవీలో ఎగురుతూనే ఉన్నాను.

అప్పట్లో మాకు ఎక్కువగా వచ్చిన పని, చనిపోయినవాళ్లను పెళ్లికి పిలవడం. ఇది ఈ మధ్య మా వైపు బాగా పాకింది. పెళ్లికూతురి తండ్రో, పెళ్లికొడుకు తల్లో చనిపోయి ఉంటే, వాళ్ల పాత ఫోటో తెచ్చి ఇస్తారు. మేం ఆ మనిషిని ఫోటోలోంచి కత్తిరించి, మబ్బుల్లోంచి కిందికి దించి, పెళ్లి కుర్చీల దగ్గర నిలబెట్టి, చెయ్యి లేపి దీవించేలా చేస్తాం. తలంబ్రాలు అయ్యాక ఫంక్షన్ హాల్లో పెద్ద ఎల్ఈడీ తెర మీద దాన్ని వేస్తారు. పెళ్లికూతురు ఏడుస్తుంది, బంధువులంతా ఫోన్లు ఎత్తి తీస్తారు. ఏడుపు ఎంత బాగా వస్తే మా స్టూడియోకు అంత పేరు.

నాకు మొదటిసారి పూర్తిగా అప్పగించిన తండ్రి బషీరాబాద్ వైపు ఒక పెద్ద రైతు. ఊళ్లో పటేలు అనేవాళ్లు. ఆయన పోయి కొన్నేళ్లయింది. కూతురి పెళ్లి తాండూరు ఫంక్షన్ హాల్లో. ఫోటో తెచ్చింది ఆయన భార్య, వెంట పెళ్లికూతురు.

ఫోటోలో భార్యాభర్తలు ఇద్దరూ నిలబడి ఉన్నారు. తెల్ల చొక్కా, భుజం మీద కండువా ఆయనకు. ఎడమ పక్కన ఆమె, ఆయన మోచేతి పైన చెయ్యి చుట్టి పట్టుకుని ఉంది. ఆ కాలపు ఊరి ఫోటోల్లో భార్యలు అలా పట్టుకోవడం నేను చూడలేదు. దూరం దూరంగా కట్టెల్లా నిలబడేవాళ్లు.

"మేం ఇద్దరం గిట్లనే దిగాలె" అందామె.

యజమాని ఫోటోను వెలుతురుకు పెట్టి చూస్తూ, "అమ్మా, నువ్వు బతికే ఉన్నవ్ గద, మబ్బుల కెళ్లి ఎట్ల దిగుతవ్?" అన్నాడు. కౌంటర్ దగ్గర ఉన్నవాళ్లు నవ్వారు. పెళ్లికూతురు కూడా నవ్వు ఆపుకోలేక తల తిప్పుకుంది.

ఆమె నవ్వలేదు. "సరే, ఆయన ఒక్కడే దిగనియ్యి. దిగినంక పక్కన నేను నిలబడొద్దా?"

ఎందుకు అడుగుతోందో ఆమే చెప్పింది. భర్త లేనిది కాబట్టి పెళ్లిలో ఆమె స్టేజీ ఎక్కకూడదు. కన్యాదానం మరిదీ, అతని భార్యా చేస్తారు. ఆమె వెనక కూర్చుని చూడాలి. "గాడ ఎట్లా రానియ్యరు. గీ బొమ్మలనన్న నా బిడ్డ పక్కన నిలబడత అన్నా. జర పెట్టు" అంది నా వైపు తిరిగి. తెర మీద ఆయన పక్కన నిలబడటం, అదొక్కటే ఆమె అడిగింది. యజమాని భుజాలు ఎగరేసి, పెట్టమన్నట్టు నాకు సైగ చేశాడు.

ముందు ఆయన్ను దించాను. పైన మబ్బుల దగ్గర ఒక డైమండ్, కింద కుర్చీల దగ్గర ఒక డైమండ్. నడిపిస్తే ఆయన ఒకే వేగంతో జర్రున దిగి ఠక్కున ఆగాడు.

"చచ్చినోడు దిగుతుండు కాకా, బావిల బొక్కెన గాదు" అన్నాడు యజమాని. "మెల్లగ బయలెల్లాలె, మెల్లగ ఆగాలె. స్వర్గం కెళ్లి వస్తుండు, తాండూరు బస్సు దిగుతలేడు."

బయలుదేరేచోట, ఆగేచోట వేగం తగ్గించే పద్ధతి ఉంది. అది నేర్చుకున్నాను. తర్వాత దీవించే చెయ్యి. కుడి చేతిని విడిగా కత్తిరించి భుజం దగ్గర తిరిగేలా పెట్టాలి. ఏ వస్తువైనా తిరగాలంటే దానికి ఒక కీలు చూపించాలి, తలుపుకు బందు ఉన్నట్టు. నేను చూపించడం మర్చిపోయాను. సాఫ్ట్‌వేర్ చేతి మధ్యనే కీలు అనుకుంది. పటేలు చెయ్యి మోచేతి దగ్గర గిర్రున తిరిగింది. యజమాని ఫోటోగ్రాఫర్లను, కౌంటర్ పిల్లను, పక్క మందుల షాపు ఆయన్ను పిలిచి చూపించాడు.

"ఆశీర్వాదమా, సీలింగ్ ఫ్యానా కాకా? అల్లునికి గాలి తగుల్తదా?"

చనిపోయిన మనిషి చెయ్యి అలా తిరుగుతుంటే అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. కీలు భుజానికి జరిపాక చెయ్యి పద్ధతిగా లేచింది.

చివరికి ఆమె. సాఫ్ట్‌వేర్‌లో బొమ్మలను ఒకదాని మీద ఒకటి పరిచిన అద్దం పలకల్లా పెడతాం, వాటిని లేయర్లు అంటారు. ఆయన ఒక లేయర్. ఆమెను కత్తిరించి ఇంకో లేయర్ చేశాను. ఒక మనిషి మెల్లగా కనబడాలంటే ఒపాసిటీ అనే అంకె మార్చాలి. సున్నా అంటే లేనట్టు, నూరు అంటే పూర్తిగా ఉన్నట్టు. సెకనుకు ఇరవై ఐదు ఫ్రేములు. ఒక్క సెకనులో సున్నా నుంచి నూరుకు రావాలంటే ఫ్రేముకు నాలుగు చొప్పున పెరగాలి. సరిగ్గా సగం అన్నది ఏ ఫ్రేములోనూ రాదు. పన్నెండో దాంట్లో నలభై ఎనిమిది, పదమూడో దాంట్లో యాభై రెండు. అక్కడ ఆపి చూస్తే ఆమె మొహంలోంచి వెనక ఉన్న పూలు కనిపిస్తాయి. నడిపిస్తే ఏమీ తెలియదు. ఆయన పక్కన ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలో ఆమె వచ్చి నిలబడుతుంది. నాకు తెలిసి అది చక్కగా కుదిరింది.

వీడియో చూడటానికి మాత్రం మరిది వచ్చాడు. పల్చటి మనిషి, గొంతు పెంచకుండా మాట్లాడతాడు. అన్న దిగుతుంటే చూస్తూ కళ్లు తుడుచుకున్నాడు. వదిన కనబడగానే, "ఆపుండ్రి జర" అన్నాడు.

ఆపాను.

"వదినెకు నేనేం తక్కువ జెయ్యలే. తిండికా, బట్టకా. గాని శుభం జాగల గా మొకం ఎందుకు? మొగపిల్లగాని తరఫోళ్లు ఏమనుకుంటరు? తీసెయ్యుండ్రి."

"ఆమెనే ఫోటో తెచ్చింది పటేలా" అన్నాను.

"తెస్తది. ఆమెకేం ఎరుక." తర్వాత యజమాని వైపు తిరిగాడు. "కన్యాదానం జేసేది మేం. అన్న పక్కన మేం ఉండాలె. నన్ను, మా ఇంటామెను పెట్టుండ్రి. మొకాలు పెద్దగ కనబడాలె."

పెళ్లికూతురికి కూడా ఇష్టమేనా అని యజమాని అడిగాడు. ఆ ప్రశ్న మంచితనంతో అడిగింది కాదు, తర్వాత గొడవ రాకుండా అడిగింది. మరిది అక్కడే ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"బిడ్డా, వీడియోల అమ్మ వద్దులే అంటున్న. నేను, చిన్నమ్మ ఉంటం. ఏమంటవ్?"

అవతల గిన్నెల చప్పుడు వచ్చింది. "మీ ఇష్టం చిన్నాయనా" అంది పెళ్లికూతురు.

"అమ్మకు చెప్పకు, మల్ల ఏడుస్తది."

"సరే చిన్నాయనా."

మరిది ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. యజమాని నా వీపు తట్టి, "కాకా, నూరును సున్నా చెయ్" అన్నాడు.

అంతే పని. ఆమె లేయర్‌ను పూర్తిగా తీసేశాను. అదే చోట మరిదీ, అతని భార్యా నిలబడి ఉన్న ఫోటో పెట్టాను. అన్నకు ఆనుకుని మరిది భార్య, ఆ పక్కన మరిది. ఆమెకు పెట్టిన అంకెలే వీళ్లకు పెట్టాను, సున్నా నుంచి నూరుకు. మొహాలు పెద్దగా కనబడాలన్నాడు కాబట్టి, వాళ్లు వచ్చాక కెమెరా దగ్గరికి జరిగినట్టు స్కేల్ అనే అంకెకు రెండు డైమండ్లు పెట్టాను, నూరు దగ్గర ఒకటి, రెండు వందల దగ్గర ఒకటి. మా పాత కంప్యూటర్ బిగుసుకుపోతుందని ప్రివ్యూ ఎప్పుడూ పావు వంతు స్పష్టతతోనే నడిపేవాళ్లం. అలాగే మొదటి నుంచి చివరిదాకా చూశాను. ఫ్రేములు సరిపోయాయి. యజమాని కూడా చూసి, "ఇప్పుడు మనిషివి అయినవ్ కాకా" అన్నాడు. అది అతని నోట మెచ్చుకోలు.

పెళ్లి రోజు ల్యాప్‌టాప్ పట్టుకుని తాండూరు ఫంక్షన్ హాలుకు నేనే వెళ్లాను. తెర నడిపించే బల్ల స్టేజీకి ఎదురుగా, మధ్యలో వేశారు. అక్కడినుంచి హాలంతా కనిపిస్తుంది. పెళ్లికూతురి తల్లి చివరి వరసలో, భోజనాలకు వెళ్లే తలుపు పక్కన కూర్చుని ఉంది. కొత్త చీర. ఆమె చుట్టూ ఇద్దరు ముగ్గురు ముసలివాళ్లు. సాంబారు బకెట్లు మోసేవాళ్లు పోతూ వస్తూ ఆమె కుర్చీని జరపమనేవాళ్లు. ఆమె జరిపేది, వాళ్లు వెళ్లాక మళ్లీ తెర కనిపించేలా ముందుకు లాక్కునేది.

వైర్ సరిచేయడానికి అటు వెళ్లినప్పుడు ఆమె నన్ను గుర్తుపట్టింది. పక్కనున్నావిడతో, "గీయననే జేసిండు. గిప్పుడు సూడు, ఆయన దిగుతడు, నేను పక్కన నిలబడత" అని చెప్పింది. నాతో, "బాగ వచ్చిందా అన్నా?" అంది.

"వచ్చిందమ్మా" అన్నాను. అక్కడ ఇంకేం చెప్పినా ఆ హాల్లో ఆమెకు చెయ్యగలిగింది లేదు.

తలంబ్రాలు అయ్యాయి. మరిది మైకు తీసుకుని, "మా అన్న లేడని ఎవలన్నరు? ఉన్నడు, వస్తుండు" అన్నాడు. లైట్లు తగ్గించారు. నేను నొక్కాను.

మబ్బులు. మబ్బుల్లోంచి పటేలు మెల్లగా బయలుదేరి, మెల్లగా ఆగాడు. కుడి చెయ్యి లేచింది, అక్షింతలు రాలాయి. పెళ్లికూతురు పెద్దగా ఏడ్చింది. ఆడవాళ్లు చాలామంది ఏడ్చారు. ఫోన్లు లేచాయి. వెనక తల్లి లేచి నిలబడింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తన వంతు కోసం.

ఒక సెకను. మరిదీ, అతని భార్యా వచ్చి నిలబడ్డారు. చప్పట్లు. స్కేల్ పెరుగుతూ మొహాలు దగ్గరికి వచ్చాయి. అప్పుడు నాకు కనిపించింది, అందరితో పాటే.

పటేలు ఎడమ చేతి మీద నాలుగు వేళ్లు ఉన్నాయి. ఆడమనిషి వేళ్లు, ఒకదానికి ఎర్రరాయి ఉంగరం. ఆయన భార్యవి. ఆమెను తీసేసినప్పుడు ఆమె లేయర్ పోయింది. కానీ చెయ్యి చుట్టి పట్టుకుంది కాబట్టి, వేళ్ల కొసలు ఆయన చొక్కా మీద ఉన్నాయి. ఆయన్ను కత్తిరించినప్పుడు ఆయనతోనే వచ్చేశాయి. మబ్బుల్లోంచి ఆయనతోపాటే దిగాయి. పావు వంతు ప్రివ్యూలో అవి చొక్కా ముడతల్లా ఉన్నాయి. గోడంత తెర మీద, రెండింతలు పెంచాక, గోళ్లతో సహా కనబడ్డాయి. ఆ వేళ్లకు ఆనుకుని, ఆమె ఉండాల్సిన చోట, మరిది భార్య నవ్వుతూ నిలబడి ఉంది. చూసేవాళ్లకు ఒక్కటే అర్థం. మరిది భార్య బావ చెయ్యి పట్టుకుని ఉంది.

మొదటి నవ్వు పెళ్లికొడుకు వైపువాళ్ల దగ్గర లేచింది. "అరే, చెయ్యి ఎక్కడున్నదో సూడుండ్రి!" ఇంకెవరో, "మొగడు పక్కనుండంగనే" అన్నారు. నవ్వు వరసలు దాటుకుంటూ వచ్చింది.

"ఆపు, ఆపు కాకా!" స్టేజీ దగ్గర ఫోటోలు తీస్తున్న యజమాని అరిచాడు.

నొక్కాను. ఆపమంటే వీడియో ఆగింది, తెర ఆరిపోలేదు. ఆ ఫ్రేము దగ్గరే నిలిచిపోయింది. వేళ్లు ఇప్పుడు కదలకుండా, ఇంకా స్పష్టంగా. నేను వైర్ పీకేలోపు హాల్లో ఉన్న ఫోన్లన్నీ దాన్ని తీశాయి.

"ఉంగరం సూడు, ఉంగరం!" అందొక ఆడమనిషి. స్టేజీ మీద మరిది భార్య రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. దాచుకోకపోతే ఎంతమంది చూసేవారో తెలియదు. దాచుకుంది కాబట్టి అందరూ చూశారు. ఆమె వేలికి ఎర్రరాయి ఉంగరం ఉంది.

మరిది ఆమె దగ్గరికి వెళ్లాడు. మైకు ఇంకా చేతిలోనే ఉంది, అది ఆపలేదు. "ఏందే గది?"

"నాకేం ఎరుక? నేనెప్పుడు దిగిన బావతోని ఫోటో?"

"ఉంగరం నీదే గద!"

"నువ్వే ఇస్తివి గదయ్యా!"

ఆ మాటలు స్పీకర్లలోంచి హాలంతా వినబడ్డాయి. ఎవరో మైకు లాక్కున్నారు. మరిది స్టేజీ దిగి నా బల్ల దగ్గరికి వచ్చి ల్యాప్‌టాప్‌లో చూశాడు. పాత ఫోటో కూడా దాంట్లోనే ఉంది. చూడగానే అర్థమైంది అతనికి. తల ఎత్తి చివరి వరస వైపు చూశాడు. కుర్చీల మధ్యలోంచి వదిన దగ్గరికి నడిచాడు. హాలంతా అతనితోపాటు వెనక్కి తిరిగింది. పెళ్లి మొదలైనప్పటినుంచీ అటు ఎవరూ చూడలేదు.

"వదినె, గా చెయ్యి నీదని జర చెప్పు. స్టేజీ మీదికి రా, నలుగురికి చెప్పు."

ఆమె ఇంకా నిలబడే ఉంది. "నేను రావద్దు గద స్టేజీ మీదికి."

"ఇప్పుడు రావొచ్చు. నేను చెప్తున్న గద."

"వచ్చి ఏం చెప్పాలె? నేనెక్కడున్న అండ్ల? నాకైతే కనబడలే."

ఆమె గొంతు పెంచలేదు. అచ్చం మరిది మాట్లాడినట్టే మాట్లాడింది. మరిది భార్య ఏడుస్తూ వచ్చి ఆమె ముందు కూలబడింది. "అక్కా, నీ కాళ్లు మొక్కుత. నేనేం పాపం జేసిన? గా ఉంగరం నీదని చెప్పరాదే."

"ఆయన పోయిన్నాడు గాజులు తీసిన్రు, మెట్టెలు తీసిన్రు, అండ్లనే గదిగూడ తీసిన్రు. మీ ఆయననే గుంజిండు, వేలు వాచేటట్టు. గిప్పుడు నీ వేలికున్నది. నీది గాకపోతే నాదెట్లయితది?"

చుట్టూ ఉన్నవాళ్లలో సగంమందికైనా అప్పటికి విషయం తెలిసిపోయింది. అయినా ఎవరూ ముందుకొచ్చి చెప్పలేదు. కింద పడి ఏడ్చే మనిషిని ఫోన్లో తీస్తున్నారు. తోటికోడలు అమాయకురాలు, ఇచ్చింది పెట్టుకుంది, నిలబడమన్న చోట నిలబడింది. అది తల్లికి మాకందరికంటే బాగా తెలుసు.

స్టేజీ మీదినుంచి పెళ్లికూతురు అరిచింది. "అమ్మా, చెప్పరాదే! నా ఇజ్జత్ పోతున్నది."

తల్లి కూతురి వైపు చూసింది. "మీ ఇష్టం అన్నవంట గద బిడ్డా" అంది. ఆ గొడవలో ఆ మాట ఆమెకు ఎవరు చేరవేశారో నాకు తెలియదు. లేక కూతురి మొహం చూసి అప్పుడే అనుకుని అన్నదో. ఆమె తోటికోడలి చేతుల్లోంచి కాళ్లు విడిపించుకుని భోజనాల హాల్లోకి వెళ్లిపోయింది. తర్వాత నేను తినడానికి వెళ్లేసరికి ఆమె ఒక్కతే విస్తరి ముందు కూర్చుని, రెండోసారి పప్పు వడ్డించమంటోంది.

ఆ బొమ్మ సాయంత్రానికే ఫోన్లలో బషీరాబాద్ దాటి, సరిహద్దు అవతల కన్నడం మాట్లాడే ఊళ్లకు కూడా చేరింది. యజమాని నన్ను ఏమన్నాడో రాయడం అనవసరం. కొత్తవాళ్లు దొరక్కపోవడం వల్ల పనిలోంచి తీసేయలేదు.

కొన్నాళ్లకు మరిది స్టూడియోకు వచ్చాడు. ఇంకా చిక్కిపోయాడు. భార్య పుట్టింటికి వెళ్లిందని యజమానితో అంటుంటే విన్నాను. పెళ్లి వీడియో పెన్‌డ్రైవ్‌లు బంధువులకు పంచాల్సి ఉంది.

"వేళ్లు తీసేస్తం పటేలా, ఒక్క నిమిషం పని" అన్నాడు యజమాని.

"వద్దు. అందరు చూసిన్రు. ఇప్పుడు తీస్తే దాచినమంటరు. వేళ్లు గట్లనే ఉండనీ. మమ్మల్ని తీసెయ్, వదినెను పెట్టు. ఎవల వేళ్లో అందరికి కనబడాలె."

వేళ్లకు ఒక మనిషి కావలసి వచ్చింది. ఆమె లేయర్ పాత ఫైల్లో ఉంది. మళ్లీ పెట్టాను, సున్నా నుంచి నూరుకు. వేళ్లు వెళ్లి ఆమె అరచేతికి అతుక్కున్నాయి. స్కేల్ డైమండ్లు మాత్రం తియ్యవద్దన్నాడు మరిది. కెమెరాను ఆ చెయ్యి దగ్గరికి ఇంకొంచెం ఎక్కువ జరపమన్నాడు.

అది తయారవుతున్న రోజే ఆమె ఫోటో వెనక్కి తీసుకుపోవడానికి వచ్చింది. ఒంటరిగా వచ్చింది. తెర మీద తనను చూసుకుని ఆగింది.

"గిదేంది?"

"మీ మరిది పెట్టమన్నడు" అన్నాను.

"తియ్యి." యజమాని వైపు తిరిగింది. "తియ్యమను. అడిగిన్నాడు పెట్టకపోతిరి. ఇప్పుడు మా తోటికోడలి ఇజ్జత్ కోసం నేను నిలబడాలెనా? అది గూడ నాలుగు దినాలు ఎనక కూసోని తిననీ."

"ఫోటో నీదమ్మా, తీస్కపో. స్కాన్ మాకాడ ఉన్నది" అన్నాడు యజమాని, ఫోన్లోంచి తల ఎత్తకుండా. "మీ మరిది పటేలు చెప్పిండు, పెట్టినం. నీకు పంచాయితీ ఉంటే ఇంటికాడ పెట్టుకో."

కౌంటర్ పిల్ల కుర్చీ జరిపితే ఆమె కూర్చుంది. పేపర్లో చుట్టిన ఫోటో ఒళ్లో పెట్టుకుంది.

"ఒకపారి ఎయ్ అన్నా" అంది.

వేశాను. ఆయన దిగాడు, చెయ్యి ఎత్తాడు. పక్కన ఆమె వచ్చి నిలబడింది. కెమెరా ఆ చేతి దగ్గరికి వెళ్లింది. అయిపోయాక, "మల్ల" అంది. మళ్లీ వేశాను. తను వచ్చే చోటుకు కొంచెం ముందే ఆమె మెడ ముందుకు చాచింది. ఈసారి ఆమె తియ్యమనలేదు.

"పూర్తిగ ఉన్ననా నేను?"

"నూటికి నూరమ్మా."

"ఇగ తియ్యరు గద?"

యజమాని నాకంటే ముందే అందుకున్నాడు. "పటేలు చెప్తే తీస్తం."

ఆమె నా వైపు చూసింది. నేను తల ఊపాను, అది నిజమే కాబట్టి. ఆమె లేచి ఫోటో చంకలో పెట్టుకుని, తాండూరు రైలు ఎన్ని గంటలకో అడిగి వెళ్లిపోయింది. నేను పెన్‌డ్రైవ్‌ల ఫైలు తయారీకి పెట్టాను.